వీపు మీద పేరు

నేను ఒక అద్దాన్ని. బొట్టు పెట్టుకోవడానికి పనికొచ్చే అద్దాన్ని కాను. నాలో చూసుకుంటే ముక్కు గుమ్మడికాయంత కనిపిస్తుంది. టెలిస్కోపు అడుగున కూర్చుని ఆకాశాన్ని చూసే జాతి నాది. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే ఇడ్లీ దగ్గర తగువు వచ్చింది.

"ఇదేటి హైమా, ఇడ్లీలో ఇసక?" అన్నాడు జోగారావు, నోట్లోంచి ఒక పలుకు తీసి పళ్ళెం అంచున పెడుతూ.

"ఇసక కాదండీ, గాజు అరగదీసే పొడి" అంది భార్య హైమావతి.

"అయితే ఫర్వాలేదన్నమాట. ఇంకో రెండు వెయ్యి!"

"పిండి గిన్నె మీద మూత పెట్టమని మీకు రెండుసార్లు చెప్పాను. పెట్టారా?"

మూత ఎవరు పెట్టాలన్న దాని మీద అరగంట గడిచింది. ఇడ్లీలు చల్లారిపోయాయి.

అంతకుముందు నేను ఓడ కిటికీ గాజుని. ముసలిదైన ఆ ఓడని విప్పేశాక విశాఖపట్నంలో పాత సామాను అమ్మే పాకలో పడి ఉంటే, టెలిస్కోపు చెయ్యాలని సన్యాసిరావు మాస్టారు నన్నూ నా జోడునూ కొన్నారు. ఆయన జోగారావు అన్నగారు, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరై తమ్ముడింట్లో ఉంటున్న మనిషి. చేతులు వణుకుతాయి. అందుకని, "నువ్వు బీయస్సీ చదివావు కదమ్మా" అన్నారు మరదలితో, అరగదీసే పని అప్పగిస్తూ. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆ మాట ఎవరో గుర్తుపెట్టుకున్నందుకు ఆమె పొంగిపోయింది.

బియ్యం డ్రమ్ము మీద నా జోడు, దాని మీద నేను, మధ్యలో నీళ్ళు, గరుకు పొడి. మధ్యాహ్నం అంట్లు తోమాక హైమావతి నా మధ్య పల్లం పడేలా నన్ను రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసేది, డ్రమ్ము చుట్టూ ఒక్కో అడుగు జరిగేది. నెలాఖరుకి బియ్యం తగ్గి డ్రమ్ము ఊగితే నాకు రెండు రోజులు సెలవు. తర్వాత గుగ్గిలం కరిగించి పోసిన పలక మీద ఎర్రపొడితో మెరుగు, ఇంటినిండా ఆ వాసన. ఆరు నెలలు. ఆమె బొటనవేళ్ళ మీద చర్మం ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడింది.

మాస్టారు ఎదురుగా కుర్చీలో కాఫీ తాగుతూ, ఆడపిల్లల కాలేజీలో చెప్పబోయే ఉపన్యాసం వల్లించేవారు. మనిషి ఎంతకాలం ఉంటాడన్నది విషయం.

"ఇంకో అయిదు వందల కోట్ల ఏళ్ళకి సూర్యుడు ఉబ్బిపోతాడమ్మా. అంతకు చాలా ముందే ఇక్కడ కుండలో నీళ్ళుండవు. అప్పటికి మనవాళ్ళు చిన్న ఎర్ర నక్షత్రాల దగ్గరికి చేరిపోవాలి. అవి పొదుపరులు, లక్షల కోట్ల ఏళ్ళు వెలుగుతాయి."

"అవీ ఆరిపోతే?"

"అప్పుడు చీకటి, చలి. అప్పటికి ఏదో ఆలోచిస్తాడులే మనిషి."

"అంత దూరం ఎవరు చేరతారు బావగారూ?"

"బయల్దేరినవాళ్ళు చేరరు. వాళ్ళ మునిమనవల మునిమనవలు చేరతారు, బయల్దేరినవాళ్ళని తలచుకుంటూ. ఆ తలపు తెగిందా, ఎందుకు వెళ్తున్నారో మర్చిపోయి దారిలోనే ఆగిపోతారు." కాఫీ గ్లాసు కింద పెట్టి, "నీ పేరు దీని వెనక చెక్కిస్తానమ్మా. మనమంతా పోయాక కూడా గాజు ఉంటుంది" అన్నారు.

ఆ రోజు ఆమె కాఫీ తాగడానికి కూడా ఆగలేదు. నేనూ నమ్మాను. మనుషుల మాట నమ్మడానికి ఓడ గాజుకి ఏం రోగం వచ్చిందో!

మెరిసే పూత వేయించడానికి మాస్టారు ఒక్కరే నన్ను తీసుకెళ్ళారు. తిరిగొచ్చి, ఎవరి ఎదుటా గుడ్డ విప్పకుండా తనొక్కరే గొట్టంలో బిగించేశారు. శనివారం సాయంత్రం మేడ మీద చుట్టుపక్కల వాళ్ళంతా చేరి నాలో చంద్రుడి గుంటలు చూశారు. "ఆరు నెలలు పట్టింది, ఈ చేతుల్తో" అన్నారు మాస్టారు, ఆ వణికే చేతులే చాపి. హైమావతి పకోడీల పళ్ళెంతో మెట్ల మీదే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్న మేడ మీదికి వచ్చి మరలు విప్పి నన్ను తిప్పింది. నా వీపు నాకు కనబడదు. ఆమె వేలు అక్షరాల వెంట నడుస్తుంటే తెలిసింది. నిర్మాత: సన్యాసిరావు.

మధ్యాహ్నం భోజనాల టేబులు మీద నన్ను బోర్లా పెట్టి, మామూలుగానే పప్పు వడ్డించింది. మాస్టారు చూసి ముద్ద కలపడం ఆపారు.

"చెక్కేవాడు ఒక్క పేరే పడుతుందన్నాడమ్మా. నలుగురికీ తెలిసిన పేరైతే నమ్ముతారు కదా అని..."

"పోనీలేద్దూ" అన్నాడు జోగారావు. "ఇంట్లోవాళ్ళమే కదా. ఎవరి పేరైతే ఏటి?"

హైమావతి భర్త వైపు చూడలేదు.

"లక్షల కోట్ల ఏళ్ళు అన్నారు బావగారూ. ఆరు నెలలు మీ ఎదురుగా నిలబడ్డదాన్ని మీరు తలచుకోలేకపోయారు. ఆ మునిమనవలెక్కడ తలచుకుంటారు? ఎక్కడ చేరతారు?"

 ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"వచ్చే శనివారం మీ ఉపన్యాసానికి కాలేజీకి దీన్ని నేను తీసుకొస్తున్నాను. ముందు అమ్మాయిలకి ఈ వెనక వైపు చూపిస్తాను, అది అబద్ధమని చెప్తాను. తర్వాత అరగదీయడం ఎలాగో నేర్పుతాను. మనిషి ఎంతకాలం ఉంటాడో మీరు ఆ తర్వాత చెప్పండి."