కిందికి దిగేకొద్దీ అద్దె

"రేపు ఇల్లు చూడడానికి వచ్చేటప్పుడు ఆ పొలేరా మాత్రం వేసుకోకు" అన్నాడు మా ఆయన రోములో, అద్దంలో టై సరిచేసుకుంటూ.

నేను గిన్నె ముందు కూర్చుని, మంచుకి ఎండిన నల్ల బంగాళాదుంపల్ని నీళ్ళలోంచి తీసి ఒక్కొక్కటే తొక్క వలుస్తున్నాను. ఏడుగురికి మధ్యాహ్నం భోజనం పొద్దున్నే వండి పెట్టి, కూతుర్ని బడికి పంపి, తొమ్మిదింటికల్లా బజారులో నా కుక్కర్ల దుకాణం తెరవాలి. చన్నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"పొలేరా కాకపోతే ఏం వేసుకోను?"

"మా చెల్లెల్ని ఒక గౌను అడుగు. ఒక్క పూటకి ఏం అరిగిపోతావు?"

పన్నెండో ఏట మా అమ్మ నాకు మొదటి పొలేరా కుట్టించింది. నడుం చుట్టూ కుచ్చుల పరికిణీ, పైన శాలువా, రెండు జడలు, నెత్తిన గుండ్రటి టోపీ. మా జాతి ఆడవాళ్ళం పెళ్ళికీ చావుకీ బజారుకీ అలాగే వెళతాం. రోములో నన్ను చూసిందీ ఈ బట్టల్లోనే. అప్పుడతను కాలేజీ కుర్రాడు. పాత కుక్కరుకి రబ్బరు వేయించుకునే వంకతో వారానికి మూడుసార్లు నా దుకాణానికి వచ్చేవాడు. "నువ్వు తిరిగితే ఈ కుచ్చులు గొడుగులా విచ్చుకుంటాయి" అనేవాడు. పదమూడేళ్ళు గడిచాయి. ఆ కుక్కర్లు అమ్మిన డబ్బుతోనే చదువు పూర్తి చేశాడు, సర్కారు ఆఫీసులో చేరాడు, ఈ ఏడు సెక్షన్ అధికారి అయ్యాడు.

పొయ్యి దగ్గర నుంచి మా అత్తగారు అందుకుంది. "వాడు నీ మంచికే చెబుతున్నాడు. పట్టా పుచ్చుకునే రోజు నన్ను గేటు బయటే ఉండమన్నాడు. ఉన్నాను. నా ఒంట్లోంచి ఏమైనా ఊడిపడిందా?" ఆవిడా పొలేరా కట్టే మనిషే. నవ్వుతూనే అంది గానీ, ఆ తర్వాత చాలాసేపు ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

ఇల్లు మారాలన్నది రోములో కోరిక. మేమున్నది కొండ పైన, ఎల్ ఆల్టోలో, అత్తగారి ఇంటి మేడ మీద రెండు గదుల్లో. "ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలవాలంటే ఎక్కడికి పిలవను? ఈ దుమ్ములోకా?" అని రోజూ ఒకటే పాట. లా పాజ్‌లో కిందికి దిగేకొద్దీ అద్దె పెరుగుతుంది. పైన చలి, గాలి పలచన, అద్దె చవక. లోయలోకి దిగుతూ ఉంటే చలి తగ్గుతుంది, చెట్లు కనిపిస్తాయి, ఇంటివాళ్ళ గొంతులో మర్యాదా ధరా రెండూ పెరుగుతాయి. రోములో ఒక ఆఫీసు కాగితం మీద పేటల పేర్లు రాసి నా చేతిలో పెట్టాడు. "వెతకడం నీ పని. నాకు ఆఫీసుంది" అన్నాడు. నాకు దుకాణం ఉందన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు, ఫీజులు కట్టాల్సిన రోజున తప్ప.

మూడు వారాలు తిరిగాను. మధ్యాహ్నం దుకాణం మూసి, గాల్లో వేలాడే కేబుల్ కారెక్కి లోయలోకి దిగడం, సాయంత్రం మళ్ళీ ఎక్కి వచ్చి వంట చేయడం. ఆ కాగితంలో లేని విల్యా ఫాతిమాలో పదిహేను వందల బొలివియానోలు అన్నారు. మెట్లు చాలా ఎక్కాలి గానీ వంటింట్లోకి ఎండ నేరుగా పడుతుంది. ఇంటి యజమానురాలు ఫెలీసా అమ్మ "కూర్చోండి, టీ తాగి వెళ్ళండి" అంది. రోములో ఆ పేరు వినగానే మొహం చిట్లించాడు. "అక్కడ బస్సు డ్రైవర్లుంటారు." మిరాఫ్లోరెస్‌లో రెండు వేల రెండు వందలు. ఫోన్లో "ఖాళీగానే ఉంది, రండి" అన్న గొంతు, గుమ్మం దగ్గర నన్ను చూసి "అయ్యో, ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అంది. నేను వీధి చివరికి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేశాను. ఖాళీగానే ఉందట. సొపొకాచిలో రెండు వేల ఎనిమిది వందలు. అక్కడి కాపలావాడు "పనివాళ్ళకి వెనక గుమ్మం" అంటూ చెయ్యి చూపించాడు. అతని తల మీదే, చట్టం ముందు అందరూ సమానమేనన్న బోర్డు అద్దపు ఫ్రేములో వేలాడుతోంది. ఒబ్రాహెస్‌లో ఒకావిడ తలుపు జానెడు తెరిచి "మూడు వేల ఆరు వందలు, కాపలాకి వేరే కట్టాలి" అని మళ్ళీ మూసేసింది.

రాత్రి అన్నం దగ్గర ఇవన్నీ చెబితే రోములో ముందు విసుక్కున్నాడు, తర్వాత ఒబ్రాహెస్ నంబరు తీసుకుని, మరునాడు ఆఫీసు నుంచి తనే ఫోన్ చేశాడు. ఇంటికి రాగానే ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"మూడు వేలే. కాపలా జీతం కూడా అందులోనే. చూశావా? మాట్లాడే తీరు తెలియాలి."

అదే ఇల్లు, అదే ఆవిడ. పేటని బట్టి అద్దె అనుకుంటూ మూడు వారాలు చెప్పులు అరగదీసిన నాకు, అడిగే మనిషిని బట్టి అద్దె అని అప్పుడు తెలిసింది. నా తీరులో ఏం లోటుందో రోములోని అడగాలనిపించింది. అడగలేదు. ఏడు పళ్ళాలు కడగాల్సినవి ఉన్నాయి.

శనివారం పొద్దున నేను గౌను అడగలేదు. పెట్టెలోంచి నా గంధం రంగు పొలేరా తీసి కట్టుకున్నాను. కేబుల్ కారులో రోములో ఆ మూలకి జరిగి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. పదకొండేళ్ళ మా నైరా మా ఇద్దరి మధ్య కూర్చుని, ఒకసారి నా మొహం, ఒకసారి వాళ్ళ నాన్న మొహం చూస్తోంది.

తలుపు తీసిన మార్సెలా అనే ఆ ఇంటావిడకి నేను గుర్తు లేను. ఆ రోజు ఆవిడ నా టోపీని చూసింది, ముఖాన్ని చూడలేదు. రోములోతో చెయ్యి కలిపి లోపలికి పిలిచింది. "రండి, ఆఫీసరు గారూ. ఈ పాప మీ అమ్మాయా? ఎంత చక్కగా ఉందో! మీ ఆవిడ రాలేదా?"

రోములో ఒక క్షణం కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆవిడకి పనుంది. ఈవిడ మా ఇంట్లో సాయం చేస్తుంది. వంటిల్లు చూస్తుందని తీసుకొచ్చాను" అన్నాడు.

అబద్ధం చెప్పేటప్పుడు మనిషి గొంతు వణుకుతుందంటారు. అతని గొంతు వణకలేదు. ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పి ఉంటే అంత నున్నగా వస్తుంది ఆ మాట? ఆఫీసులో పార్టీకి పెళ్ళాల్ని తీసుకురావద్దన్నారని చెప్పిన ప్రతిసారీ అక్కడ నేను ఎవరిని? ఊళ్ళో లేని దాన్నా, ఒంట్లో బాగాలేని దాన్నా, అసలు పుట్టనే లేదా? నాకు కోపం రాలేదు. ఆ మెరిసే చెక్క నేల మీద నిలబడిపోయాను.

"మంచిదే, నువ్విలా రా అమ్మా" అంది ఆవిడ నాతో. అతన్ని మీరు, నన్ను నువ్వు. వంటింటి వెనక ఒక ఇరుకు గది తలుపు తోసింది. కిటికీ లేదు. ఒక మంచం పడుతుంది, దాని పక్కన మనిషి నిలబడడానికి చోటుంటుందో ఉండదో. "ఇది నీ గది. వేడి నీళ్ళు ఇటువైపు రావు, వెనక లిఫ్టు వాడుకోవాలి, ముందుది ఇంటివాళ్ళకి. మా ఇంట్లో చేసినావిడ తొమ్మిదేళ్ళు ఇందులోనే ఉంది, ఏనాడూ నోరెత్తలేదు."

ఆ గోడకి ఒక మేకుంది. తొమ్మిదేళ్ళు ఒక మనిషి తన టోపీ తగిలించుకున్న చోట గోడ గుండ్రంగా నల్లబడింది. నేను దాన్నే చూస్తూ ఉంటే ముందు గదిలోంచి నైరా పిలిచింది.

"హిలారియా! ఒకసారి ఇటు రా, నా జడ ఊడిపోయింది."

నా కూతురు పుట్టాక నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. వెళ్ళి చూశాను. జడ ఊడలేదు. పిల్ల వాళ్ళ నాన్న వైపు చూస్తోంది, సరిగ్గా పలికానా అన్నట్టు. అతను చిన్నగా తలూపాడు.

ఎవరూ నేర్పలేదు దానికి. నాలుగు నిమిషాల్లో నేర్చుకుంది. ఈ ఇంట్లో నెల రోజులుంటే ఇంకేం నేర్చుకుంటుందో, పదేళ్ళుంటే ఎవరవుతుందో నాకు ఆ ముందు గది ఎండలో స్పష్టంగా కనిపించింది. నేను నైరా జడ విప్పి, దువ్వి, మళ్ళీ అల్లాను. తొందరపడలేదు. రిబ్బను ముడి వేశాక లేచి నిలబడ్డాను.

"సెన్యోరా, నేనే ఈయన భార్యని. ఈ పిల్ల నా కడుపున పుట్టింది. అద్దె కట్టేది కూడా నేనే, నా కుక్కర్ల దుకాణం మీద. మొన్న ఇదే గుమ్మంలో నాకు మూడు వేల ఆరు వందలు చెప్పారు. ఈయనకి మూడు వేలన్నారు. ఆ ఆరు వందలు నా పొలేరాకా, టోపీకా? విడివిడిగా చెబితే తెలుసుకుంటాను."

ఆవిడ మొహం ఎర్రబడింది. "అయ్యో, మీరలా అనుకోకండి… ఏదో పొరపాటు… ధర మనం మాట్లాడుకోవచ్చు…" నన్ను మీరు అనడానికి ఆవిడకి అంతసేపు పట్టింది.

"వద్దండీ. మీ వంటింట్లో ఎండ పడదు" అన్నాను.

నైరా చెయ్యి పట్టుకుని ముందు లిఫ్టులోనే దిగాను. రోములో వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"నా పరువు మట్టిలో కలిపావు! ఆవిడ మా డైరెక్టరుకి దూరపు చుట్టం, తెలుసా? రెండు నిమిషాలు ఓపిక పట్టలేకపోయావా? సంతకాలయ్యాక నేనే మెల్లగా చెప్పేవాణ్ణి కదా!"

"ఏమని చెప్పేవాడివి? పనిమనిషిని పెళ్ళి చేసుకున్నాననా?"

"అరవకు. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నన్ను ఎవరూ చూడకూడదన్న గొడవే కదా ఇదంతా."

అతను టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు. మేమిద్దరం కేబుల్ కారెక్కాం. పెట్టెలో మేం తప్ప ఎవరూ లేరు. ఇళ్ళ కప్పులు కిందికి జారిపోతుంటే నైరా ఏడుపు మొదలుపెట్టింది. "నాన్న అలా చెప్పాడు కదమ్మా… నేను వేరే మాట చెబితే నాన్నకి అవమానమవుతుందనుకున్నాను." దాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. పదకొండేళ్ళ పిల్ల, కాళ్ళు నేలకి తగులుతున్నాయి. "నాకూ పదమూడేళ్ళుగా అదే భయం తల్లీ. ఇవాళ్టితో సరి" అన్నాను. "ఇప్పుడెక్కడికెళ్తున్నాం?" అంది ముక్కు తుడుచుకుంటూ. "టీ తాగడానికి."

విల్యా ఫాతిమా మెట్లు లెక్కపెడుతూ ఎక్కింది నైరా. నూట పన్నెండు దగ్గర ఆగి రొప్పుతూ నవ్వింది. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. పదిహేను వందలు ఫోన్లోనూ అంతే, గుమ్మంలోనూ అంతే. ఒక నెల అడ్వాన్సు ఆ మధ్యాహ్నమే ఇచ్చి, సోమవారం కాగితాలు రాసుకుందామన్నాను.

ఆదివారం మా అత్తగారింట్లో అరుపులే. "మొగుణ్ణి వదిలేసి మెట్ల మీద కాపురమా? లోకం ఏమనుకుంటుంది?" అని ఆడపడుచు. అత్తగారు మాత్రం నా పెద్ద కుక్కరు తనే గుడ్డలో చుట్టి మూట కట్టింది. "దీని మూత జాగ్రత్త, ఒక పక్క వదులు" అంది. రోములో రోజంతా గదిలో పడుకుని, సాయంత్రానికి బయటికొచ్చాడు.

"నేనేం కావాలి మరి?" అన్నాడు. గొంతులో ఆ నునుపు లేదు.

"ఇల్లు చూసుకో. పేటల పేర్లు రాసిన కాగితం ఇదిగో."

"హిలారియా, వేళాకోళం కాదు. నేనూ వస్తాను."

"ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆ మాట నా నోట్లో కొత్తగా, కాస్త తియ్యగా ఉంది.

సోమవారం ఫెలీసా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద నా పేరు పూర్తిగా రాసింది, హిలారియా మమానీ కిస్పే. నేను సంతకం పెట్టాను. ఆవిడ కలం తీసుకుని కింది గడి దగ్గర ఆగింది.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"నేనూ, మా అమ్మాయీ" అన్నాను. "ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు. మనిషి ఎలాంటివాడో కనుక్కుంటున్నాను."