ఓవెన్‌కి వేరే లైను

మా నాన్న ఎలక్ట్రీషియన్. ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా పరుగెత్తుతాడు. మా ఇంట్లో బల్బు పోతే మాత్రం "రేపు చూద్దాంలే" అంటాడు. హాల్లో స్విచ్ వేస్తే వంటింట్లో లైటు వెలుగుతుంది. చుట్టాలొస్తే నవ్వించడానికి మాకు అదొక్కటి చాలు.

కేకులు చేసి అమ్మాలని అమ్మ పెద్ద ఓవెన్ కొనుక్కుంది. దానికి మెయిన్ బోర్డు నుంచి లావు వైరుతో వేరే లైను లాగాలి, మీటరు లోడ్ పెంచమని కరెంటాఫీసులో అడగాలి. నాన్న ఊరందరికీ చెప్పే పాఠమే ఇది. తీరా మా ఇంటికొచ్చేసరికి, ఎక్కడో మిగిలిన సన్న వైరు ముక్క తెచ్చి పాత ప్లగ్గుకే కలిపేసి, "ప్రస్తుతానికి కానివ్వు, తీరిక చూసుకుని లైను లాగేస్తా" అన్నాడు.

అమ్మకు మొదటి బేరం పక్క వీధి పంతులమ్మ గారి కూతురి పుట్టినరోజు కేకు. అది సగం పొంగిందో లేదో, కాలిన వాసన వచ్చింది. ప్లగ్గు కరిగి, గోడంతా మసి పట్టి, ఫ్యూజు ఎగిరిపోయింది. కేకు మధ్యలో కూలబడింది. అమ్మ పంతులమ్మకు ఫోన్ చేసి, "పిండి సరిగ్గా కుదరలేదండీ, నాదే పొరపాటు" అంది. నాన్న పక్కనే నిలబడి అంతా విని, సంచీ తగిలించుకుని పనికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

పంతులమ్మ మంచిది. "పోనీలెండి, ఆదివారం మా స్కూల్లో సభ ఉంది. దానికి కేకు మీరే చెయ్యాలి, ఈసారి మాత్రం తప్పకూడదు. తప్పితే మళ్ళీ మిమ్మల్ని అడగలేను" అంది.

అమ్మ ఇక నాన్నను ఒక్క మాటా అడగలేదు. నన్ను వెంటబెట్టుకుని తనే కరెంటాఫీసుకు వెళ్ళింది. గుమాస్తా అడ్రసు చూసి, "ఇది మన ఎలక్ట్రీషియన్ గారి ఇల్లే కదమ్మా! ఆయన రాలేదేం?" అన్నాడు.

"ఆయనకు ఒంట్లో బాగోలేదండీ."

నాకు తల కొట్టేసినట్టయింది.

లోడ్ పెంచిన మర్నాడు నాన్న పని నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో ఎవరిదో నిచ్చెన ఉంది. పైన ఉన్నది ఒకప్పుడు నాన్న దగ్గరే పని నేర్చుకున్న శిష్యుడు. వీధిలోవాళ్ళు అప్పటికే ఆగి ఆగి చూస్తున్నారు. అతను కంగారుగా కిందికి దిగి, "అన్నా, నీకు ఒంట్లో బాలేదని వదిన చెప్పింది. నువ్వెళ్ళి పడుకో, నేను చూసుకుంటాలే" అన్నాడు.

నాన్న భుజాన పనిసంచీ, చొక్కా నిండా గోడ దుమ్ము. ఆ అవతారాన్ని చూసి జబ్బు మనిషని ఎవరు నమ్ముతారు? పాపం, అతను నమ్మినట్టే నటించాడు. నాన్న ముఖం ఇంత చిన్నదైపోయింది.

"ఆఁ... కాస్త నీరసంగా ఉంది" అన్నాడు, సంచీ దించకుండానే.

పడుకోడానికీ వెళ్ళలేదు, పనిలో చెయ్యీ వేయలేదు. గోడకు ఆనుకుని, సిగ్గుతో చచ్చిపోతూ, తన ఇంట్లో తన పని ఇంకొకరు చేస్తుంటే చూశాడు. ఆయన్ని అలా చూస్తుంటే నా కోపం ఎటు పోయిందో తెలియదు. అమ్మ కొంచెం తగ్గితే బాగుండుననిపించింది.

పని పూర్తయింది. శిష్యుడు బోర్డు మూసి పక్కకు జరిగాడు. అమ్మ ఓవెన్ స్విచ్ మీద వేలు పెట్టి, "వేయొచ్చా?" అంది.

"వెయ్యి" అన్నాడు నాన్న.

అమ్మ వేలు కదల్లేదు. ఆమె శిష్యుడి వైపే చూస్తోంది. అతను నాన్న వంక చూసి తల దించుకున్నాడు.

"వెయ్యి వదినా" అన్నాడు మెల్లిగా.

అప్పుడు వేసింది.