రంగు చూసి కొన్న ఫోను

కార్తీక ఫోను శుక్రవారం పొద్దున రంగు బకెట్లో పడి చచ్చిపోయింది. జాకెట్టు గుడ్డకు వంకాయ రంగు వేస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని కబుర్లు చెబితే పడక ఏం చేస్తుంది? రంగు మాత్రం దానికి బాగానే పట్టింది.

ఇంకో రోజైతే తనే నవ్వుకునేది. కానీ సోమవారం నుంచి ఆమె చెన్నై కోడంబాక్కంలో ఒక సీరియల్‌కి కాస్ట్యూమర్. ఏళ్ల తరబడి భక్తవత్సలం మేస్త్రీ దగ్గర అసిస్టెంటుగా ఇస్త్రీలు చేసి, హుక్కులు కుట్టి, ఇన్నాళ్లకు సొంతంగా సంపాదించుకున్న పని. సీరియల్ షూటింగులో ఇవాళ గుమ్మం దాటిన హీరోయిన్ ఏ వారం తర్వాతో హాల్లో అడుగు పెడుతుంది. చీర, జాకెట్టు, గాజులు అన్నీ అప్పుడు ఉన్నట్టే ఉండాలి. దానికి ఆధారం కాస్ట్యూమర్ ఫోనులోని ఫోటోలే.

ఆ సీరియల్ మేనేజర్ బాబు ఈపాటికి ఫోన్ చేసి చేసి విసిగి, ఇంకెవరినైనా పిలిచేశాడేమోనని ఆమెకు ఒకటే దడ. పోనీ మొగుడు నరేన్ ఫోన్లోంచి చేద్దామా అంటే, నీ ఫోనేమైందని బాబు అడుగుతాడు. రంగు బకెట్లో పడేసుకున్న మనిషికి రంగులు చూసుకునే పని ఎవరిస్తారు?

నరేన్ కొత్తది కొందామన్నాడు. "నెలనెలా కట్టుకుందాం. పాతదాన్ని ఎట్ట నమ్మేది?"

"సీరియల్ మధ్యలో నిలిచిపోతే ఏం కడతాం బావా? ఒక్క నెల తప్పితే వాళ్లు ఆణ్ణుంచే ఫోన్‌కి తాళం వేసేస్తారు. నాతో ఇస్త్రీలు చేసే రంజితకి అట్నే అయింది గదా. ఫోటోలన్నీ లోపల, ఆయమ్మ బయట."

అందుకే శనివారం ఇద్దరూ చింతాద్రిపేటలో సుందరం పాత ఫోన్ల అంగడికి వెళ్లారు. చేతిలో ఉన్న డబ్బుకు అందేవి రెండే ఫోన్లు. మొదటిది తళతళలాడుతోంది. దాంతో ఫోటో తీసుకుంటే కార్తీక బుగ్గల మీది మంగు మాయమైంది.

"ఎంత బాగుండావో చూడు," అన్నాడు నరేన్. ఆమెకూ మనసు జారింది. ఏ ఆడదానికి జారదు?

అయినా సంచీలోంచి గుడ్డముక్కలు తీసింది. చిలకపచ్చ, మామిడాకు పచ్చ, అరిటాకు పచ్చ. ట్యూబ్‌లైటు కింద ఒకసారి, వీధిలోకి వెళ్లి ఎండలో ఒకసారి ఫోటోలు తీసింది. అందమైన ఫోను మూడింటినీ ఒకటే పచ్చ చేసి పారేసింది. వీపంతా గీతలు పడ్డ రెండోది మాత్రం ఏ పచ్చకాపచ్చ చూపించింది, అంచున పసుపు మరకతో సహా.

"ఇది ఇయ్యన్నా. ఉండేది ఉండేట్టు చూపిస్తుండాది."

సుందరం బిల్లు రాస్తూ నవ్వాడు. "ఫోన్ కొనేవాళ్లు ముందు మాట్లాడి చూస్తారమ్మా. నువ్వు చీర కొన్నట్టు కొంటుండావు."

నిజమే. ఆ సంగతే ఆమెకు తట్టలేదు. సిమ్ వేసింది. ఇక తప్పించుకునే దారి లేదు. బాబు నంబరు నొక్కింది.

"ఎవరు?"

ఆ ప్రశ్నకు ఇన్నాళ్లూ 'భక్తవత్సలం మేస్త్రీ అసిస్టెంటునండీ' అనేది. నోరు అటే పోబోయింది.

"కాస్ట్యూమర్ కార్తీక మాట్లాడుతుండానండీ."

"నిన్నట్నుంచి స్విచాఫ్ అనే వస్తుండాది. ఏమైంది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "రంగు బకెట్లో పడిందండీ. ఇప్పుడే వేరేది కొన్నా."

నరేన్ ఆమె ముఖమే చూస్తున్నాడు.

"సరి, సోమవారం పెందలాడే వచ్చేయ్. చీరలు దించినారు. ఒక్కటి గూడా విప్పలేదు ఇంకా."

"ఎందుకండీ?"

"అదేం మాటమ్మా? కాస్ట్యూమర్ రాకుండా చీరలు ఎవరు ఏరేది?"

కార్తీక నరేన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పెందలాడే వచ్చేస్తానండీ," అంది.