ఐదు ఖాళీ గళ్ళు

పిచ్చయ్య పలకను ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో ఒకసారి తుడిచి, ఆరేదాకా కదలకుండా కూర్చున్నాడు. తడి పలక మీద ఉక్కుమొల జారుతుంది. పూర్తిగా ఎండిన పలక మీద గీస్తే దుమ్ము లేచి దగ్గు వస్తుంది. ఆ రెంటికీ నడుమనుండే నిమిషం కోసం కాచుకోవడం ముప్ఫై ఏళ్ళుగా అతని పనిలో సగం. గీతలు గియ్యడం మిగతా సగం.

తడి మెరుపు పోయేసరికి చెక్కబద్ద ఆనించి, ఉక్కుమొలతో పై అంచు నుంచి కిందికి ఒక్క గీత లాగాడు. పది వరసలు, వరసకు ఐదు గళ్ళు, అడుగున విడిగా ఇంకొక్క గడి. ఒళ్ళో ఉన్నది పన్నెండో పలక. సాయంత్రం రైలుకు డజనూ మద్రాసు పోవాలి.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. వెన్ను ముందుకు వంగింది. కుడి బొటనవేలు మొల ఒత్తిడికి అణిగి, చెంచాలాగా వెడల్పయింది. కనుబొమల్లో, చెవి మడతల్లో పలకపొడి ఎప్పుడూ ఉంటుంది. నాలుగు మాటలు చెప్పాలంటే రెండు దఫాలుగా చెబుతాడు, మధ్యలో ఊపిరి అందాలి గనక. దాంతో ఊళ్ళో అతనికి నిదానస్తుడని పేరొచ్చింది.

మార్కాపురంలో వీరభద్రయ్య పలకల ఫ్యాక్టరీ అంటే రేకుల కప్పు, ముప్ఫైమంది మనుషులు, ఊరికి మించిన దుమ్ము. ఉత్తరపు గోడ దగ్గర, వెలుతురు తిన్నగా పడేచోట పిచ్చయ్య తావు. అతను గీసిన గీతల మీద ఎన్ని జిల్లాల పిల్లలు అక్షరాలు దిద్దారో లెక్కలేదు. తన మట్టుకు తాను హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తాడు. చర్చిలో పాటల పుస్తకం చేతిలో పట్టుకుంటాడు గాని, పాడేది విని నోటికి నేర్చుకున్న పాటలే. పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తనూ మర్యాదగా తిప్పుతాడు.

అట్లాంటి మనిషి చేతికి మూడు నెలల కిందట జపాను భాష వచ్చిపడింది.

మద్రాసు ఏజెంటు ఉత్తరం రాశాడు. జపానులో ఒక కంపెనీకి పిల్లలు దిద్దుకునే పలకలు కావాలట. ఒకవైపు వాళ్ళ గుండ్రటి అక్షరాలు, రెండోవైపు కోణాల అక్షరాలు, గీతపడేలా చెక్కి ఉండాలి. నమూనాకు డజను పంపండి, నచ్చితే ఏళ్ళ తరబడి పని ఉంటుంది అని. ఉత్తరంతోపాటు ఒక రాతపుస్తకం పంపాడు. పేజీకి ఒక అక్షరం. మొదటి గడిలో నల్లగా, ఏ గీత ముందో ఏది తర్వాతో ఎర్ర అంకెలతో ఉంటుంది. తర్వాతి గళ్ళలో అదే అక్షరం లేత బూడిదరంగులో. చివరి గళ్ళు ఖాళీ.

“సిరా అయిపోయినట్టుందే వాళ్ళకు,” అన్నాడు వీరభద్రయ్య పేజీలు తిప్పి.

“కాదు శెట్టిగారూ,” అన్నాడు పిచ్చయ్య. “అవి దిద్దుకునేదానికి. బడిలో అయ్యోరు పలక మీద రాసిచ్చినట్ల.”

బడి గడప తొక్కని మనిషికి ఆ సంగతి తెలియడం అందరికీ వింతగానే ఉంది. చిన్నతనంలో బడి కిటికీ దగ్గర గొర్రెలు ఆపుకుని చూసేవాడని ఎవరికీ తెలియదు. గొర్రెలు నిలవలేదు గాబట్టి ఎక్కువ చూడలేకపోయాడు.

పలకడం నేర్పింది శెట్టిగారి చిన్నకోడలు రాజ్యలక్ష్మి. అక్షరాల కింద ఇంగ్లీషులో ఉన్న ఉచ్చారణ చదివి చెప్పేది. గుంటూరు కాలేజీలో ఆమె చదివిన ఇంగ్లీషుకు మార్కాపురం వచ్చాక మొదటిసారి పని దొరికింది. ఫ్యాక్టరీని ఆనుకునే ఇల్లు. ఆమె అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతూ, అతను కింద వాకిట్లో కూర్చుని, పుస్తకం ఇద్దరికీ మధ్య పీట మీద. కోణాల అక్షరాలు అతనికి వారంలో వచ్చాయి. ముప్ఫై ఏళ్ళు తిన్నటి గీతలు గీసిన చెయ్యి కదా. గుండ్రటివి మాత్రం రెండు నెలలు తిన్నాయి.

“తెలుగు రాదు గాని జపాను వచ్చినాది మా ఆయనకు,” అని అతని భార్య ఎలీషబా పలకలు గీకే ఆడవాళ్ళ మధ్య కూర్చుని రోజుకొకసారైనా అనేది. ఎగతాళికి అన్నట్టే అనేది. అది వినని మనిషి ఇంకెవరైనా మిగిలారేమోనని చుట్టూ చూసేది కూడా.

పన్నెండో పలక పదిన్నరకు పూర్తయింది. పిచ్చయ్య దాన్ని మిగతా పదకొండు పక్కన నిలబెట్టి, మొల తుడుచుకున్నాడు.

పెట్టెలోకి ఎక్కించేముందు ప్రతి సరుకునూ తన చేత్తో లెక్కబెట్టడం వీరభద్రయ్యకు వాళ్ళ నాయన దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. పామూరు సంతలో వాళ్ళ నాయన కొలిచిన శేరును ఎవరూ మళ్ళీ కొలవలేదని చెప్పుకుంటారు. ఆ పేరు మీద ఆ ఇల్లు నిలబడింది. ఆయన ఒక పలక తీసి గళ్ళ మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. ఎనిమిదో వరసలో వేలు ఆగింది.

“ఏందిరా పిచ్చయ్యా ఇది? ఈడ గడి ఖాళీ. దాని తర్వాత ఒకటి రాసి, మళ్ళా ఖాళీ.”

“అవును శెట్టిగారూ. చివరి వరసలో మూడుండాయి.”

“ఈ పక్క ఐదు!” ఆయన పలక తిప్పాడు. “ఆ పక్క ఐదు! పలకకు పది గళ్ళు ఎగ్గొట్టి పంపితే వాడేమనుకుంటాడు? సముద్రం అవతల నా పేరు చెడాల్నా?”

“పుస్తకంలో అట్లనే ఉండాయి.”

“పుస్తకం అచ్చేసినోడు మరిచినాడేమో. గడి గీసినామంటే అక్షరం ఇస్తామని మాటిచ్చినట్టు.” ఆయన గుమ్మం వైపు తిరిగి కేకేశాడు. “చెంచయ్యా, ఇట్ల రా!”

కాపలాదారు చెంచయ్య యుద్ధంలో బర్మా పోయి వచ్చినవాడు. జపాను సంగతులకు ఊళ్ళో ఆయనే పెద్ద దిక్కు. పలక అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఖాళీలెందుకుంటాయి శెట్టీ? జపానోడికి అక్షరాలు శానా. రంగూన్లో గోడ గోడకీ రాసుండె. కళ్ళారా చూసినా.”

“అయితే ఓ ఐదు చెప్పు, వేయిస్తా.”

చెంచయ్య టోపీ సర్దుకున్నాడు. “చూసినా గాని, చదివేంతసేపు వాళ్ళు మమ్మల్ని నిలబడనిచ్చినారా?”

ఆడవాళ్ళు దుమ్ముకు కట్టుకున్న ముసుగుల్లో నవ్వారు. వీరభద్రయ్యకు నవ్వు రాలేదు.

“ఏదో ఒకటి గియ్యి పిచ్చయ్యా. వాటి పోలికలోనే ఓ ఐదు కల్పించు. లేకుంటే పువ్వన్నా గియ్యి. ఖాళీ మాత్రం పోగూడదు.”

పిచ్చయ్య మొల చేతిలోకి తీసుకున్నాడు. రాతి మీద గీసింది చెరగదు. ఎక్కడో ఒక పిల్లవాడు ఈ పలక ఒళ్ళో పెట్టుకుంటాడు. లేని అక్షరాన్ని వేలితో దిద్దుతాడు, నమ్మి దిద్దుతాడు. చదువు లేకపోవడం ఎట్లా ఉంటుందో పిచ్చయ్యకు తెలుసు. తప్పు చదువు అంతకన్నా అన్యాయమనిపించింది.

“గియ్యను శెట్టిగారూ.”

గీకుడు చప్పుడు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళలో పిచ్చయ్య నోట ఆ మాట ఎవరూ వినలేదు. అతను కూడా వినలేదు. అందుకే కాస్త బెదిరాడు.

“ఏందీ? నాకు చెప్పేంత సదువుకున్నోడివా?”

“తెలుగు సదవలేదు.” ఊపిరి పీల్చుకున్నాడు. “ఇది సదివినా.”

చట్రం వెయ్యని పలక ఒకటి తీసుకుని తడిగుడ్డతో తుడిచాడు. ఆరేదాకా అందరూ అతనితోపాటు కాచుకున్నారు. గళ్ళు గీశాక రాతపుస్తకం తీసి శెట్టిగారి చేతికిచ్చాడు.

“మీరు చూస్తా ఉండండి. నేను చూడకుండా గీస్తా. ఒక్కటి తప్పినా, మీరు చెప్పిన పువ్వులు వేస్తా.”

వీరభద్రయ్య పుస్తకం చివర గుండ్రటి అక్షరాలన్నీ వరసగా ఉన్న పేజీ తెరిచి గంభీరంగా నిలబడ్డాడు.

“మామయ్యగారూ,” అంది రాజ్యలక్ష్మి ఇంటివైపు గుమ్మంలోంచి, తలుపు చాటునే ఉండి. “పుస్తకం తలకిందులుగా ఉంది.”

ఆయన తిప్పి పట్టుకున్నాడు.

పిచ్చయ్య మొదలుపెట్టాడు. ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ, ఏ గీత ముందో దాన్నే ముందు గీస్తూ, గడి తర్వాత గడి నింపాడు. ఆ, ఇ, ఉ, ఎ, ఒ. కా, కి, కు. శెట్టిగారి వేలు పేజీ మీద వెంటే నడిచింది. భోజనాల వేళయినా ఎవరూ సద్దిమూట విప్పలేదు. రెండుసార్లు దగ్గు వచ్చింది. రెండుసార్లూ మొల పైకెత్తి పట్టుకుని, దగ్గు పోయేదాకా ఆగి, చెయ్యి వణకడం మానాకే మళ్ళీ ఆనించాడు.

ఎనిమిదో వరస వచ్చింది. “యా,” అన్నాడు. తర్వాతి గడి మీద మొల ఆగింది. నెమ్మదిగా గాలి పీల్చి వదిలాడు. “యూ.” మళ్ళీ ఒక గాలి. “యో.”

శెట్టిగారి వేలు కూడా ఆ రెండుచోట్ల ఖాళీ కాగితం మీద ఆగింది.

చివరి వరసలో ‘వా’ గీశాక మూడుసార్లు ఊపిరి తీశాడు. ఆ మీదట ‘ఓ’. అడుగున ఒంటరి గడిలో ‘న్’ చుట్టి, పలక ఎత్తి గోడకు ఆనించాడు. నలభై ఆరు అక్షరాలు. పుస్తకంతో ఒక్క గీత తేడా లేదు.

వీరభద్రయ్య రెండుసార్లు పోల్చుకున్నాడు. మూడోసారి పోల్చడానికి సిగ్గుపడ్డాడు.

“అయితే ఆ గళ్ళు ఎందుకు పెట్టుకున్నట్టు వాళ్ళు?”

“నాకు తెలీదు శెట్టిగారూ. నేనైతే ఆడ ఊపిరి తీసుకుంటా.” పిచ్చయ్య నవ్వాడు. “నాకు బాగా పనికొచ్చినాయి.”

శెట్టిగారు పుస్తకం మూసి, గుమ్మం వైపు చూడకుండానే అన్నాడు. “అమ్మాయ్, ఇంగ్లీషులో ఓ ముక్క రాసి పెట్టెలో పెట్టు. ఖాళీలు సరుకు తగ్గించడానికి వదిలినవి కాదు, గీసినోడు తెలిసే వదిలినాడని.”

“గీసినవాడి పేరు?” అంది రాజ్యలక్ష్మి.

“పిచ్చయ్య.”

“ఏం ఉద్యోగమని రాయమంటారు?”

ఆయన తలపాగా కింద గోక్కున్నాడు. షెడ్డంతా చెవులు రిక్కించింది.

“జపాను అక్షరాల మాస్టరని రాయి,” అన్నాడు. “దానికెవరూ నవ్వొద్దు.”

ఎవరూ నవ్వలేదు. ఎలీషబా మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా తల దించుకుంది.

మూడింటికి పెట్టెలో గడ్డి పరిచి పన్నెండు పలకలు సర్దారు. పైన ఉత్తరం పెట్టి మేకులు కొట్టారు. పెట్టెను బండికి ఎత్తేటప్పుడు పిచ్చయ్య ఒక చెయ్యి వేశాడు. అది బరువు మొయ్యడానికి వేసిన చెయ్యి కాదు. బండి స్టేషను దారి పట్టాక వచ్చి, తన తావులోనే గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

“ఎలీషబా, కాసిని మంచినీళ్ళు.”

ఆమె కుండ దగ్గరికి పోయి చెంబు ముంచుకొచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది. “తాగండి మాస్టరుగారూ. రేపట్నుంచి నీళ్ళు నేను తేవాల్నా, ఇంకెవరన్నా బంట్రోతును పెడతారా? పలక్కుంటే నాకు తెలీదనుకున్నావా, గర్వం ఎక్కినాదిలే. ఎక్కనియ్యి. ఈ ఒక్కరోజుకు నేనేమనను.”

పిచ్చయ్య తల గోడకు ఆని ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కుడిచెయ్యి మోకాలి మీద, బొటనవేలూ చూపుడువేలూ మొలను పట్టినట్టే దగ్గరగా ఉన్నాయి. మొల ఎప్పుడో జారి నేల మీద పడింది.

ఎలీషబా చెంబు కింద పెట్టింది. అతని పక్కన, భుజానికి భుజం ఆనేలా కూర్చుంది. ఎవరినీ వెంటనే పిలవలేదు.

చివరికి రాజ్యలక్ష్మి చూసి, తలుపు చాటు వదిలి, అరుగు దిగి షెడ్డులోకి వచ్చింది. శెట్టిగారు వద్దనలేదు. ఆయన గీకేవాళ్ళకు చెయ్యి చూపించి పని ఆపించాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మా ఆయనకు సదువొచ్చమ్మా,” అంది ఎలీషబా, రాజ్యలక్ష్మి ముఖంలోకి చూసి. “మీరంతా చూసినారు గదా.”

“చూసినాం,” అన్నాడు వీరభద్రయ్య, ఆమె అడిగింది కోడలినే అయినా.

చీకటిపడక ముందే వాళ్ళ పేట నుంచి మనుషులు వచ్చి అతన్ని తీసుకుపోయారు. వెనకే అందరూ నడిచారు. ఖాళీ షెడ్డులో ఉత్తరపు గోడకు ఆనించి చట్రం లేని పలక ఒకటి మిగిలింది. దాని మీద నలభై ఆరు అక్షరాలు తెల్లగా కనబడుతున్నాయి. మొల తగలని ఐదు గళ్ళలో రాయి ఎప్పటి రాయిలాగే నున్నగా, నల్లగా ఉంది.