గ్లాసుడు పిండి బరువు

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తూనికలు కొలతల ఇన్స్పెక్టరుగారు బజారులో అడుగు పెడితే చాలు, కొట్ల వాళ్ళు కాటా కింద అతికించిన చింతపండు ముద్దని చప్పున పీకి నోట్లో వేసుకునేవారు. రిటైరయ్యాక అదే బజారులో కూరగాయల బండివాడు "తాతగారూ, వంకాయలు లేతవి, ఇవ్వమంటారా?" అని అడిగి, ఆయన కళ్ళెదుటే కాటాని చిటికెనవేలితో కిందికి నొక్కి తూచాడు. తాతగారూ అన్నందుకు ఆయనకేం బాధ లేదు. భయం లేకుండా నొక్కాడే, అదీ బాధ.

ఇక ఆయన తన అధికారాన్ని ఇంటికి పరిమితం చేశారు. బ్రెడ్డు తెస్తే కాగితం మీద రాసిన బరువుందో లేదో తూచేవారు. సబ్బు తెస్తే విప్పి తూచి మళ్ళీ చుట్టేవారు. ఏ సబ్బూ తక్కువ తూగకపోవడంతో లోకం మరీ ఇంత నిజాయితీగా తయారయిందేమిటా అని దిగులుపడేవారు.

ఆయన భార్యకి మాత్రం తీరికన్నది ఉండేది కాదు. ఆవిడ చేతి వంటకి పేరుంది. ముందుగదిలో బల్ల వేసి చుట్టుపక్కల ఆడవాళ్ళకి కేకులూ సూపులూ బిస్కెట్లూ నేర్పేది. అలా నేర్చుకున్న వాళ్ళలో ఒకావిడ తమ్ముడికి పుస్తకాలు అచ్చువేసే వ్యాపారం ఉంది. ఆ పబ్లిషరు ఒకరోజు ఇన్స్పెక్టరుగారి భార్యని పిలిపించి, కుర్చీ మీదున్న పుస్తకాల కట్టలు దించి, కూర్చోమన్నాడు.

"అమ్మా, మా అక్క పొద్దస్తమానం మీ వంటల గురించే చెబుతుంది. పుస్తకం వేస్తాను. కానీ ఈ గ్లాసులూ గరిటెలూ కుదరవు. పోయినసారి ఒకావిడ పుస్తకం గ్లాసుల లెక్కన వేస్తే, ఎవరి గ్లాసు అని ఒకటే ఉత్తరాలు. ఒకాయన మజ్జిగ తాగే పొడుగు గ్లాసుతో పంచదార పోశాట్ట. అన్నీ గ్రాముల్లోకి మార్చి తెండి. నెలాఖరుకి ప్రెస్సు ఖాళీ. అప్పటికి అందకపోతే మీ వంతు 'లావు తగ్గే ఉపాయాలు' పుస్తకానికి పోతుంది" అన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. ఆవిడకి ఆ పుస్తకం కావాలి. ఇన్నేళ్ళూ ఆవిడ వండింది తిన్నవాళ్ళు ఆహా అన్నారు, చెయ్యి కడుక్కున్నారు, వెళ్ళిపోయారు. పుస్తకమైతే చెయ్యి కడుక్కున్నాక కూడా మిగులుతుంది. కానీ గ్రాము అంటే ఎంతో ఆవిడకి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ వంటింట్లో తూచింది లేదు. ఒక స్టీలు గ్లాసు, రెండు చెంచాలు, కన్నూ చెయ్యీ, అంతే.

"ఇప్పుడు నన్ను గ్రాముల్లో రాసుకు రమ్మంటున్నారండీ" అంది.

పేపరు వెనక నుంచి ఇన్స్పెక్టరుగారు మెల్లగా తల బయట పెట్టారు. ఎండిపోయిన మొక్కకి నీళ్ళు పోసినట్టయింది ఆయన మొహం.

"ఏమన్నావ్? గ్రాములా?"

మర్నాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, ఆఫీసు ప్యాంటు వేసుకుని, చొక్కా లోపలికి దోపుకుని వంటింట్లోకి వచ్చారు. మంచినీళ్ళకి తప్ప ఆ గడప ఎన్నడూ తొక్కని మనిషి. అటక మీంచి పాత తక్కెడ దించారు, ఇత్తడి రాళ్ళ పెట్టె దించారు, గుడ్డతో తుడిచారు. పుస్తకం మీద భార్య పేరు కింద 'కొలతల పర్యవేక్షణ' అని తన పేరూ పాత హోదా కూడా వెయ్యాలని అప్పటికే షరతు పెట్టారు. ఆవిడ సరేనంది. ఆయన మొహం అంత వెలిగిపోతుంటే కాదనడానికి మనసొప్పలేదు.

"ఏదీ నీ గ్లాసు?"

ఇచ్చింది. ఆయన దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, సొట్టలు చూసి, అంచుదాకా నీళ్ళు నింపి, పక్కలు తుడిచి, ఖాళీ గ్లాసు బరువు తీసేసి తూచారు. రెండు వందల నలభై గ్రాములు. మళ్ళీ తూచారు. అంతే. ఇంకోసారి తూచారు. అంతే.

"అయిపోయింది" అని తక్కెడ పక్కన పెట్టారు.

"ఏమయిపోయిందండీ?"

"కొలత. గ్లాసంటే రెండు వందల నలభై. అరగ్లాసంటే నూట ఇరవై. ఇక కూర్చుని రాసుకోవడమే."

"నీళ్ళు తూచారు సరే, పిండి తూచరా?"

ఇన్స్పెక్టరుగారు జాలిగా నవ్వారు. "పిచ్చిదానా! కొలపాత్రని నీళ్ళతోనే పరీక్షించాలని రూలు. నూనె కొట్లో, పాల కేంద్రంలో, ఎక్కడైనా నేను చేసిందదే. సరే, నువ్వే చెప్పు. పిండి పోసినప్పుడు గ్లాసు మారుతుందా?"

"మారదు."

"గ్లాసు మారనప్పుడు గ్లాసు లెక్క ఎందుకు మారుతుంది?"

ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్న చోట ఆవిడ ఎన్నడూ ఓడిపోలేదు గానీ, లెక్క దగ్గర ఆయనతో ఎన్నడూ నెగ్గలేదు. ఆయన ముందుగదిలో కూర్చుని మధ్యాహ్నం టీ వేళకల్లా మొత్తం పుస్తకాన్ని గ్రాముల్లోకి దించేశారు. వంటింటి వైపు మళ్ళీ చూడాల్సిన అవసరం కూడా పడలేదు. పాలూ నీళ్ళూ మజ్జిగ వరకూ ఆ లెక్కకి వంక పెట్టడానికి లేదు.

ఆవిడ చదువుతూ ఒకచోట ఆగింది. "ఏవండీ, సూపులోకి గ్లాసుడు ఆకుకూర తరుగు రెండు వందల నలభై గ్రాములా? బుట్టెడు ఆకు అవుతుందేమో!"

"నువ్వు అదిమి పొయ్యడం లేదు. అది నీ తప్పు, కొలతది కాదు" అన్నారాయన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఒక బజారు బజారంతా హడలిపోయిన మనిషికి ఇది తెలియకుండా ఉంటుందా అనుకుని ఆవిడ ఊరుకుంది. బజారు హడలింది ఆయన లెక్కకి కాదు, ఆయన కొట్లకి వేసే సీలుకని ఆవిడకి తట్టలేదు.

పబ్లిషరు ఆ కాగితాలు అందుకుని, ఎందుకైనా మంచిదని వాళ్ళక్కకిచ్చి నాలుగు వంటలు చేసి చూడమన్నాడు. ఆ అక్కగారు రాసింది రాసినట్టు చేసే రకం. వంట పుస్తకంలో దూకమని ఉంటే నూతిలోనైనా దూకుతుంది. గ్రాములన్నారు కదా అని కొత్త కాటా కూడా కొనుక్కుంది. ఆదివారం మధ్యాహ్నం దంపతులిద్దర్నీ భోజనానికి పిలిచారు.

ముందు సూపు వచ్చింది. గిన్నెలో చెంచా నిలబడింది. పబ్లిషరు దాన్ని తాగాలో నమలాలో తెలియక కాసేపు ఆలోచించి, ఫోర్కు అడిగాడు. తర్వాత బిస్కెట్లు వచ్చాయి. ఒకటి కొరికి, దవడ పట్టుకుని, మిగతాది పళ్ళెం అంచున పెట్టేశాడు. అది టక్కుమంది. చివర చాక్లెట్ కేకు వచ్చింది. కత్తి దిగింది గానీ మళ్ళీ బయటికి రాలేదు. అక్కగారు పళ్ళెం పట్టుకుంటే తమ్ముడు కత్తి లాగాడు.

"నేను గ్రాము తేడా రానివ్వలేదురా! పిండి తడవనే లేదు. నా చేతులు పడిపోయాయి కలపలేక" అంది అక్కగారు, ఏడుపు గొంతుతో.

ఇన్స్పెక్టరుగారి భార్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ కేకు ఆవిడ ఎన్ని వందలసార్లు చేసిందో. ఒక్కసారి కూడా ఎవరూ రెండో ముక్క అడక్కుండా లేవలేదు.

పబ్లిషరు మూతి తుడుచుకున్నాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇది అచ్చువేస్తే జనం నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఈ పుస్తకం ఆపేద్దాం. లావు తగ్గేవాళ్ళదే ముందు వేస్తాను. చూడబోతే రెండూ ఒకే పని చేసేట్టున్నాయి."

"కాటా చూపించండి" అన్నారు ఇన్స్పెక్టరుగారు లేచి నిలబడి.

ఆయన గొంతు అందరికీ కొత్తగా వినిపించింది, భార్యకి తప్ప. అది ఆయన దాడుల గొంతు. సరుకుకీ కొలతకీ పొంతన లేనప్పుడు తప్పు కాటాదే అయి ఉండాలి. సర్వీసంతా ఆయన అదే నమ్మారు, దాదాపు ప్రతిసారీ అదే నిజమైంది. వంటింట్లోకి నడిచి, కాటా కింద వేళ్ళు పెట్టి తడిమారు. చింతపండు లేదు. అరుగు ఏటవాలుగా ఉందేమోనని వంగి చూశారు. లేదు. అలవాటుగా జేబులో వేసుకొచ్చిన ఇత్తడి రాయి తీసి పెట్టారు. రెండు వందల గ్రాములు. దించి మళ్ళీ పెట్టారు. రెండు వందలే. కాటాని ఇటు తిప్పి పెట్టి తూచారు, ఆయనకి ఇంక చెయ్యడానికేమీ మిగల్లేదు.

"మా కాటానే అనుమానిస్తారా?" అక్కగారికి ఒళ్ళు మండింది. "మీ కళ్ళముందే తూస్తాను, చూసుకోండి. గ్లాసు పిండికి బదులు రెండు వందల నలభై అన్నారు. ఇదిగో!" అంటూ బేసిన్ పెట్టి పిండి పోసింది. అంకె రెండు వందల నలభై చేరేసరికి బేసిన్లో పిండి కుప్పగా నిలిచింది.

ఇన్స్పెక్టరుగారి భార్య అలవాటు కొద్దీ పక్కనున్న, తన గ్లాసంతే ఉన్న గ్లాసు తీసుకుని, ఆ పిండి తీసి డబ్బాలో పోయబోయింది. గ్లాసు నిండింది. బేసిన్లో ఇంకా దాదాపు అంత పిండి మిగిలింది. ఆవిడ గ్లాసు వంకా బేసిన్ వంకా చూసి, "ఇది రెండు గ్లాసులండీ" అంది చిన్నగా. ఆవిడకీ అప్పుడే తెలిసింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు నిలబడిపోయారు ఇన్స్పెక్టరుగారు.

"అసలీ లెక్క కట్టిందెవరు?" అన్నాడు పబ్లిషరు.

"నేనేనండీ" అంది ఆవిడ వెంటనే. "తొందరలో... ఏదో పొరబాటు."

ఆ మాట విన్నాక ఆయనకి ఎంత హాయిగా అనిపించిందో, మరుక్షణం అంత సిగ్గేసింది. పట్టుబడ్డ ప్రతి కొట్టువాడూ ఇదే చెప్పేవాడు. రాళ్ళు మా తమ్ముడివి సార్, తూచింది పనివాడు సార్, నాకేం తెలీదు సార్. ఒక్కడి మాటా ఆయన నమ్మలేదు, ఒక్కణ్ణీ వదల్లేదు. ఇప్పుడు తన పెళ్ళాం తనంతట తానే వచ్చి ఆ పనివాడి స్థానంలో నిలబడింది. పుస్తకం పోతే పోయేది ఆవిడది, ఇప్పుడు పరువు కూడా ఆవిడదే పోతోంది.

"ఆవిడ కాదు" అన్నారు. "ఆ లెక్క నాది. పిండి తూచమని ఆవిడ అడిగింది కూడా. నేనే నోరు మూయించాను. ఆవిడ వంటలో తప్పు లేదు. కేసు రాస్తే నా మీద రాయాలి."

"కేసేంటి సార్..." అని పబ్లిషరు ఇబ్బందిగా కదిలాడు.

అక్కగారు కాటా తుడిచి లోపల పెట్టుకుంటూ తీర్పు చెప్పేసింది. "ఒరేయ్, నెలాఖరుకి ఇంకా టైముందిగా. మళ్ళీ తూచుకు రమ్మను. ఈవిడ కేకు నేను తిన్నదాన్ని, నాకు తెలుసు. కానీ ఈసారి ఆ సూపు మాత్రం వాళ్ళింట్లోనే చేసుకోమను."

మర్నాడు మళ్ళీ వంటింట్లో తక్కెడ దిగింది. ఈసారి చొక్కా బయటే ఉంది. ఆవిడ పిండి నింపి, అంచు మీద వేలితో గీసి ఇచ్చింది. ఆయన తూచారు. నూట ఇరవై ఎనిమిది. ఖాయం చేసుకుందామని మళ్ళీ నింపమన్నారు. నూట ముప్పై ఆరు. ఇంకోసారి నింపింది. నూట ఇరవై మూడు.

"ఇదేం అన్యాయమే! చెయ్యి అదే, గ్లాసు అదే, పిండి అదే!"

"ఒకసారి పిండి అణిగి ఉంటుంది, ఒకసారి గుల్లగా పడుతుంది. వానాకాలంలో ఇంకోలా ఉంటుంది. నేను పాలు చూసుకుని పోస్తానుగా, సరిపోతుంది."

ఇన్స్పెక్టరుగారు మూడు అంకెలూ పెన్సిలుతో వరసగా వేసుకున్నారు. తర్వాత, కొట్ల వాళ్ళెవరూ ఆయన నోట వినని మాట ఒకటి అడిగారు.

"ఏది రాయమంటావు?"

"సుమారు నూట ముప్పై అని రాయండి."

"సుమారా!" ఆయన ఉలిక్కిపడ్డారు. "సుమారు అన్నవాళ్ళ కాటాలు బండికెత్తించిన వాణ్ణి నేను. ఆ మాట నా చేత్తో రాశానంటే ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడ గ్లాసులో పిండి డబ్బాలోకి వంచుతూ అంది, "ఊడి ఏడాదయిందిగా అండీ."

రిటైరైన రోజు దండ వేసినప్పుడు పై ఆఫీసరు ఆ మాట చెప్పలేదు. విశ్రాంత జీవితం అన్నాడు, అనుభవ సంపద అన్నాడు, ఆఫీసు తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయన్నాడు. కూరగాయల బండివాడు కూడా నోటితో అనలేదు. ఆవిడ మామూలుగా, పిండి ఒలక్కుండా చూసుకుంటూ అనేసింది. అనేశాక చెయ్యి ఆపి ఆయన మొహంలోకి చూసింది. ఆయనకి కష్టంగానే ఉంది. ఊగుతున్న తక్కెడ పళ్ళాలని వేలితో పట్టి ఆపారు.

తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని 'సుమారు' అని రాశారు. కొత్తగా అక్షరాలు దిద్దుతున్నవాడిలా చాలాసేపు పట్టింది. పక్కన నూట ముప్పై వేసి, ఖాళీ గ్లాసు ఆవిడ వైపు జరిపి, "పంచదార పొయ్యి" అన్నారు.