అమ్మ మాటే గుడి

అరవ దేశంలో కారమడై అవతల ఆండియప్ప పత్తి మిల్లు మూతపడి చాలా కాలమైంది. దాని గోడౌనులో శబరి, వేలుసామి కలిసి ర్యాప్ పాటల కంపెనీ పెట్టారు. పేరు ఇంటిమాట. చెన్నైలో ఎవరి గడపా తొక్కకుండా, తమ ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులోనే పాటలు వదలాలని పంతం. తెలుగు అక్షరాలు ఇద్దరికీ రావు. శబరి అరవ అక్షరాల్లో రాసేవాడు, వేలుసామి పాడేవాడు. అరవంలో కకూ గకూ ఒకటే అక్షరం. అయినా వేలుసామి తడబడేవాడు కాదు. తల్లి నోట విన్న మాట గనుక నాలుకే దిద్దుకునేది.

నిరుడు వేలుసామి అరవ పాటలు పాడడానికి చెన్నై వెళ్లిపోయాడు. తర్వాత వచ్చి చేరిన కుర్రాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఆండియప్ప తాళం అడిగాడు. శబరి బతిమాలితే, మన తెలుగువాళ్ల సంఘం పండగలో ఒక పాట వెయ్యి, మనవాళ్లు మెచ్చితే గోడౌను ఉంచుకో, లేకుంటే ఖాళీ చెయ్యి అన్నాడు.

శబరి తన అవ్వ కనకం దగ్గర కూర్చుని పాట కట్టాడు. 'అమ్మ మాటే మాకు గుడి' అన్నది పల్లవి. అతని పిన్ని కూతురు, కాలేజీలో చదివే జీవిత, అతను రాసిన అరవ అక్షరాలు ఫోనులో చూసి పాడింది. గొంతు కత్తిలా ఉంది. రాసినవాడు గనుక శబరి చెవికి తాను అనుకున్న మాటే వినిపించింది.

పండగనాడు కల్యాణమండపంలో పల్లవి రెండోసారి వచ్చేసరికి వెనక వరసల్లో కుర్రాళ్లు లేచారు. మజ్జిగ గ్లాసులు పైకెత్తి 'కుడి, కుడి' అని అందుకున్నారు. కుడి అంటే అరవంలో తాగు అని.

ఆండియప్ప నవ్వలేదు. "అమ్మ పేరు చెప్పి తాగమంటావేమిరా?"

శబరి చెప్పబోయాడు. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. జీవిత మైకు దించి అతని దగ్గరికి వచ్చింది.

"నువ్వు రాసిండేది కుడే కదణ్ణా."

"గుడి, పాపా."

"గుడి అంటే?"

వేళాకోళం కాదు. ఆ పిల్లకు నిజంగానే తెలియదు.

"కోవిల్."

"అట్లయితే కోవిల్ అనే రాసుండొచ్చు కదా."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి శబరి నోటా కోవిలే. గుడి అన్నది అవ్వ మాట.

మర్నాటికి ఆ ఒక్క ముక్కే కోసి ఫోనుల్లో తిప్పుకున్నారు. అంతకుముందు ఇంటిమాట పాట దేనికీ అంతమంది చెవి ఒగ్గలేదు. శబరి వేలుసామికి ఫోను చేసి, ఒక్కసారి వచ్చి సరిగ్గా పాడిపొమ్మన్నాడు.

"వస్తాలేరా. పాడేది పెద్ద పనా? వినేదెవురు, చెప్పు."

శబరికి ఒక్క అవ్వ పేరే తోచింది. ఆమెకు ఈ మధ్య చెవులు బొత్తిగా వినబడడం లేదు. ఆ సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేశాడు.

గోడౌనుకు వెళ్లి, చప్పుడు బయటికి పోకుండా గోడలకు అంటించిన గుడ్ల అట్టలు పీకడం మొదలుపెట్టాడు. బంక గట్టిది. అట్టతో పాటు సున్నమూ పెచ్చులుగా ఊడి వచ్చింది.