తెరమీది ఖైదీకి దగ్గు రాదు

సంతబయలులో రెండు వెదుళ్ల మధ్య తెల్లగుడ్డ కట్టి బయస్కోపు ఆడించారు. టిక్కెట్టు లేదు, కానీ రానంటే తన్నులు. మా ఊరివాళ్లందర్నీ పోలీసు హెడ్డు ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆ దయ ఎందుకో నాకు తెలుసు. ఘాటురోడ్డు వెట్టిపనికి వెళ్లనన్నందుకు నా కొడుకు మంగ్లును ఠాణా కొట్లో వేశారు. వాడు గోడ దూకి కొండెక్కాడు. హెడ్డు తెరకేసి చూడటం లేదు. మా మొహాలు చూస్తున్నాడు.

బొమ్మ జర్మనీ యుద్ధంలో పట్టుబడిన ఒక దొర కథట. దొర ఖైదు నుంచి పారిపోయాడు. ఏం పారిపోవడం అది! దువ్విన జుట్టు చెదరలేదు. ఎదురుగా నిలబడ్డ సిపాయికి కళ్లు కనపడలేదు. ఆ ఊళ్లో కుక్కలన్నీ చచ్చాయేమో, ఒక్కటీ వెంటపడలేదు. అడవిలో మంట వేసుకుని, కాళ్లు బారజాపుకుని, చుట్ట కాల్చాడు. జనం ఈలలు వేశారు. బొమ్మలవాడు తెర పక్కన నిలబడి, "చూడండి బాబూ, ఎంత ప్రమాదమో!" అని గొంతు చించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతుంటే వీళ్లకిది వేడుక.

నా కోడలు గంగకు అంతకంటే మండింది. నోరు మూసుకోమని మోచేత్తో పొడిచాను. ఆగలేదు.

"పెమాదమా? పారిపోయినోడు మంటేత్తాడేటి? పొగ కనపడదా? పచ్చి సోడిపిండి బుక్కుతాడు. దగ్గొత్తే నోట్లో గుడ్డ కుక్కుకుంటాడు, కళ్లంట నీళ్లు కారిపోతన్నా!"

ఈలలు ఆగిపోయాయి. హెడ్డు లేచి దాని ముందుకొచ్చాడు.

"ఎవుడే కుక్కుకున్నాడు? నువ్వెక్కడ సూసినావే గుంటా?"

గంగ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇంకొక్క క్షణం ఊరుకుంటే నా కొడుకు పోయినట్టే. లేచి దాని చెంప ఛెళ్లుమనిపించాను.

"అదెక్కడ సూత్తాది బాబూ! అదే సేసింది! నా కొంపలోంచి పుట్టింటికి పారిపోయింది. ఎతకడానికెల్తే తుప్పల్లో నోట్లో గుడ్డ కుక్కుకుని కూకుంది, సిగ్గులేంది!"

జనం పగలబడి నవ్వారు. హెడ్డూ నవ్వాడు. పాపం పుణ్యం ఎరగని పిల్లను పదిమందిలో నవ్వులపాలు చేశాను. కొట్టింది నేనే అయినా, ఆ నవ్వే మొహాలన్నీ రాతికేసి రుద్దాలనిపించింది.

ఇంటిదారి పట్టాక దాని చెంప నిమరబోయాను. నా చెయ్యి తోసేసింది.

"ఇంకా గట్టిగా కొట్టాల్సింది అత్తా," అంది తల తిప్పకుండా. "ఆడు సగమే నమ్మినాడు. ఎనకాలొత్తన్నాడు."

బూట్ల చప్పుడు నాకూ వినపడింది. మంగ్లు ఉన్న కొండకు పోయే కాలిబాట పక్కనే ఉంది. అటు కన్నెత్తి చూడలేదు. "మళ్లీ పుట్టింటికి పోతావేటే?" అని అరిచి, వెనకాల వచ్చేవాడు పూర్తిగా నమ్మేంత గట్టిగా, దాన్ని మళ్లీ కొట్టాను.